రెండుసార్లు ప్రాంతీయ శాసనసభకు గెలిచి ఓడాను, ఇప్పుడు బ్యాంకు పిలుస్తోంది. వెళ్లవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండీ. రెండు దఫాలు ప్రాంతీయ శాసనసభలో ఉన్నారు. అందులో నాలుగేళ్లు ఆర్థిక కమిటీలో పనిచేశారు. మొన్న ఓడిపోయారు. వయసు 46. ఒక మధ్యస్థాయి బ్యాంకు "ప్రభుత్వ సంబంధాల సీనియర్ సలహాదారు" హోదాతో పిలిచింది, జీతం బాగుంది. వెళ్లాలా, వెళ్తే నిలబడగలనా, జనం ఏమనుకుంటారు అని మూడు సందేహాలు రాశారు.

నేను 26 ఏళ్లు బ్యాంకుల్లో పనిచేశాను. మొదటి సగం రుణాల విభాగంలో, తర్వాత రిస్క్ విభాగంలో. చివరి ఎనిమిదేళ్లు పైస్థాయి నియామకాలను పరిశీలించే కమిటీలో కూడా కూర్చున్నాను. రాజకీయాల నుంచి వచ్చినవాళ్లను ఐదుగురిని దగ్గరగా చూశాను. ఇద్దరు నిలబడ్డారు.

బ్యాంకింగ్‌లోకి రండి. మీకిచ్చిన ఈ ఉద్యోగంలోకి మాత్రం రాకండి. అదే బ్యాంకును వేరే పని అడగండి. ఇవ్వకపోతే ఇంకో బ్యాంకు చూసుకోండి.

ఎందుకో చెబుతాను. "ప్రభుత్వ సంబంధాల సలహాదారు" అనే పేరుతో బ్యాంకు డబ్బు పెట్టి తీసుకునేది మీ ఫోన్లో ఉన్న నంబర్లను. ఆ నంబర్లకు గడువుంటుంది. నేను చూసినంతలో రెండేళ్లు, మహా అయితే మూడు. అధికారులు బదిలీ అవుతారు, మంత్రులు మారతారు, మీ పార్టీలోనే కొత్త వర్గం పైకొస్తుంది. మొదట్లో మీరు ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తుతారు. కొన్నాళ్లకు "సార్ మీటింగ్‌లో ఉన్నారండీ" అనే మాట మొదలవుతుంది. ఆ రోజు నుంచి మీ జీతం ఎందుకివ్వాలో బ్యాంకులో ఎవరికీ తెలియదు, మీకూ తెలియదు.

మేం పనిచేసిన చోటికి ఒక మాజీ ప్రాంతీయ మంత్రి ఇలాగే వచ్చారు. చదువుకున్న మనిషి, మర్యాదస్తుడు. పెద్ద కంపెనీల రుణాల విభాగానికి సలహాదారుగా వేశారు. ఒక్క ఫైలూ ఆయన చేతికి రాలేదు. విందులకు, పరిచయాల సమావేశాలకు మాత్రం పిలుచుకెళ్లేవారు. రెండేళ్లకు ప్రభుత్వం మారింది, ఆ ఏడాది చివర్లో ఒప్పందం పొడిగించలేదు. వెళ్లిపోయే రోజు నా గదికి వచ్చి, "రెండేళ్లు బ్యాంకులో ఉన్నాను, బ్యాంకు పని ఒక్కటీ రాలేదు" అన్నారు. ఆయనకు నేర్పగలిగిన స్థానంలో ఉండి కూడా నేను పట్టించుకోలేదు. మీకు ఇంత పొడుగ్గా రాయడానికి ఆయనే కారణం.

ఇందులో చట్టం వైపు నుంచి కూడా చిక్కుంది. చాలా దేశాల్లో పదవి దిగినవాళ్లు కొంతకాలం తమ పాత సహచరుల దగ్గర పైరవీ చేయకూడదు. కెనడా కేంద్ర మంత్రులకు ఈ విరామం ఐదేళ్లు. ఆస్ట్రేలియా కేంద్ర మంత్రులు తాము చూసిన విషయాల్లో 18 నెలలు లాబీయింగ్ చేయకూడదు. ప్రాంతీయ సభల సభ్యులకు నియమాలు చోటును బట్టి మారతాయి. మీ సభ నైతిక నియమావళి చూసే అధికారికి ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. "ఏం పర్లేదులెండి" అని ఎవరో నోటితో చెబితే దాన్ని నమ్ముకుని సంతకం పెట్టకండి.

మరి మీ దగ్గర ఏముంది? చాలా ఉంది. ఆర్థిక కమిటీలో నాలుగేళ్లు కూర్చున్నారంటే ప్రభుత్వ బడ్జెట్‌లో ఏ అంకె గట్టిది, ఏ అంకె ఆశ మీద రాసిందో మీకు తెలుసు. ఒక రోడ్డు ప్రాజెక్టు ఎక్కడ ఆగుతుందో, భూసేకరణ దగ్గరా, బిల్లుల చెల్లింపు దగ్గరా, ఎన్నికల ముందా, అది మా విశ్లేషకులకు పుస్తకాల్లో దొరకదు. స్థానిక సంస్థలకు, మౌలిక వసతుల ప్రాజెక్టులకు అప్పులిచ్చే విభాగంలో ఇది అసలైన నైపుణ్యం. నేను రుణాల్లో ఉన్న రోజుల్లో ఒక నీటి సరఫరా ప్రాజెక్టు లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాను. వినియోగదారుల రుసుము ఏటా పెరుగుతుందని అందులో రాసుంది. ఎన్నికల ఏడాదిలో ఏ పాలకవర్గమూ నీటి రుసుము పెంచదన్న సంగతి మా బృందంలో ఒక్కరికీ తట్టలేదు. రుసుము పెరగలేదు, వాయిదాలు ఆగాయి. మీలాంటివారు ఆ గదిలో ఉండుంటే పది నిమిషాల్లో చెప్పేవారు.

కోపంగా ఉన్న మనుషుల ముందు నిలబడి మాట్లాడటం కూడా మీకు వచ్చిన పనే. బ్యాంకర్లలో చాలామందికి అది రాదు. 2023 మార్చి 8న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంక్ మూలధనం సమీకరిస్తామని ప్రకటించింది. మర్నాడు ఒక్క రోజులో ఖాతాదారులు 42 బిలియన్ డాలర్లు వెనక్కి తీసుకున్నారు. ఆ బ్యాంకుకు తన దగ్గరున్న బాండ్లలో వచ్చిన నష్టం నిజమే. అయితే ఆ ప్రకటన చేసిన తీరు, ఎంచుకున్న సమయం భయాన్ని ఇంకా పెంచాయి. జనం చెవికి ఏ మాట ఎలా చేరుతుందో తెలిసిన మనిషి విలువ ఇలాంటప్పుడు బయటపడుతుంది.

ఇక కష్టమైన సంగతి. నా దృష్టిలో మీ నిర్ణయం మొత్తం దీని మీదే ఆధారపడాలి.

రాజకీయంలో మిమ్మల్ని బతికించిన మాట "చూద్దాం". బ్యాంకులో అదే మాట నష్టం తెస్తుంది. మీ గడపలోకి వచ్చిన మనిషిని నేరుగా కాదనలేరు. చూద్దాం అంటారు, ఆయన కొంత ఆశతో వెళ్తాడు, రేపటికి పరిస్థితి మారవచ్చు. అందులో తప్పులేదు, ప్రజాజీవితంలో అది ఒక మర్యాద. కానీ రుణం అడిగినవాడికి చూద్దాం అంటే అతను దాన్ని "అవును" అని వింటాడు. అడ్వాన్సు కట్టేస్తాడు, యంత్రాలకు ఆర్డరు పెట్టేస్తాడు. మూడు నెలల తర్వాత మీరు కాదంటే అతను నిండా మునుగుతాడు. మంచి రుణాధికారి రెండు వారాల్లో, కారణం రాసి, కాదని చెబుతాడు. అడిగినవాడు ఆ రోజు తిట్టుకున్నా ఇంకో దారి వెతుక్కోవడానికి అతనికి సమయం మిగులుతుంది.

ఈ అలవాటు మార్చుకోవడం మీరనుకున్నంత తేలిక కాదు. నిలబడిన ఇద్దరిలో ఒకావిడ ఒక పట్టణ పాలకమండలికి అధ్యక్షురాలిగా చేసి వచ్చారు. సలహాదారు పదవి ఇస్తామంటే వద్దని, ఆరు నెలలు రుణ విశ్లేషణలో కూర్చోబెట్టమని అడిగారు. తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని నగదు ప్రవాహం లెక్కలు నేర్చుకున్నారు. ఏడాది తిరగకుండానే ఎన్నికల్లో తన కోసం ఊరూరా తిరిగిన మనిషి దరఖాస్తు ఆవిడ బల్ల మీదికొచ్చింది. ఆమోదించనూ లేదు, తిరస్కరించనూ లేదు. సంబంధం ఉందని రాసి, ఫైలు వేరే అధికారికి మార్చమన్నారు. సరైన పద్ధతి అదే. తెలిసినవాళ్ల ఫైలు మీద మీరు "కాదు" అని రాసినా తప్పే, ఎందుకంటే నిజాయితీ చూపించుకోవాలన్న తొందరలో మంచి దరఖాస్తును కూడా కొట్టేసే ప్రమాదం ఉంది. వేరే అధికారి ఆ రుణం ఇవ్వలేదు. ఆ మనిషి ఆవిడతో మాట్లాడటం మానేశారు. ఆవిడకు చాలా రోజులు నిద్ర పట్టలేదని తర్వాత చెప్పారు. ఇప్పుడు స్థానిక సంస్థల రుణాల విభాగాన్ని నడుపుతున్నారు.

మీరు నేర్చుకోవాల్సిన లెక్కలు పెద్ద గణితమేమీ కాదు, కానీ బడ్జెట్ లెక్కల మీద ఉన్న అలవాటు ఇక్కడ కాస్త తికమక పెడుతుంది. బడ్జెట్‌లో వచ్చిన డబ్బు ఆదాయం. బ్యాంకులో వచ్చిన డిపాజిట్ అప్పు, అడిగినప్పుడు తిరిగి ఇవ్వాల్సిందే. నూరు అప్పుగా ఇస్తే ఖర్చులన్నీ పోను ఏటా మూడు మిగులుతుందనుకోండి. ఒక్క నూరు పూర్తిగా మునిగితే, అంతే పరిమాణం ఉన్న 33 మంచి రుణాల ఏడాది సంపాదన దానికి పోతుంది. బాసెల్ అనే అంతర్జాతీయ బ్యాంకింగ్ నిబంధనల ప్రకారం రిస్క్ బరువు కట్టిన ఆస్తుల్లో, అంటే ఎంత ప్రమాదమో దాన్ని బట్టి లెక్కగట్టిన అప్పులు, పెట్టుబడుల్లో, నూటికి కనీసం 8 మూలధనం ఉండాలి, దానిపైన మరో 2.5 రక్షణగా ఉంచాలి. అంటే బ్యాంకుకు తప్పు చేయడానికి ఉన్న చోటు చాలా ఇరుకు. వాయిదా 90 రోజులు దాటితే సాధారణంగా ఆ రుణం మొండి బకాయిల లెక్కలోకి వెళ్తుంది. ప్రభుత్వంలో బిల్లు మూడు నెలలు ఆలస్యమవడం మీకు మామూలు విషయం. ఇక్కడ మూడు నెలలంటే ప్రమాద ఘంటిక.

అందరికీ తెలిసిన ఉదాహరణలు కొన్ని చూద్దాం, ఎందుకంటే మీరు "పెద్దపెద్దవాళ్లు వెళ్లారు కదా" అని రాశారు. వాళ్లందరి దారీ ఒకటి కాదు.

ఫ్రాంక్ మెకెన్నా కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ ప్రావిన్సుకు 1987 నుంచి 1997 దాకా ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. కెనడా పెద్ద బ్యాంకుల్లో ఒకటైన టీడీ బ్యాంక్‌లో డిప్యూటీ చైర్‌గా చేరింది 2006లో. మధ్యలో దాదాపు తొమ్మిదేళ్లు న్యాయవాద వృత్తి, కంపెనీల బోర్డులు, కొంతకాలం అమెరికాలో రాయబారి పదవి. పదవి దిగిన మర్నాడే ఫోన్ నంబర్లతో వెళ్లిన మనిషి కాదు.

మైక్ బెయర్డ్ 2017 జనవరిలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ పదవి వదిలి, ఆ ఏడాదే నేషనల్ ఆస్ట్రేలియా బ్యాంక్‌లో పెద్ద హోదాలో చేరారు. ఇంత త్వరగా ఎలా అంటే, రాజకీయాల్లోకి రాకముందు ఆయన బ్యాంకరే. సొంతింటికి తిరిగి వెళ్లారు. ఈ ఉదాహరణ మీకు వర్తించదు.

అన్నా బ్లై ఉదాహరణ మీరు శ్రద్ధగా చూడాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ప్రీమియర్‌గా 2011 వరదల్లో రాష్ట్రాన్ని నడిపించారు. 2012 ఎన్నికల్లో ఆవిడ పార్టీకి 89 స్థానాల్లో 7 మాత్రమే మిగిలాయి. అయిదేళ్ల తర్వాత, 2017లో, ఆస్ట్రేలియా బ్యాంకుల సంఘానికి ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. ఆ ఏడాది చివర్లోనే బ్యాంకుల తప్పులపై రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసే ఉన్నతస్థాయి విచారణ సంఘం) విచారణ ప్రకటించారు, 2019లో తుది నివేదిక వచ్చింది. ఆ మొత్తం కాలం బ్యాంకుల తరఫున జనానికి జవాబు చెప్పాల్సిన కుర్చీలో ఆవిడ ఉన్నారు. గమనించండి, ఆవిడ రుణాలు ఇవ్వలేదు. రాజకీయ నైపుణ్యం నేరుగా పనికొచ్చే చోటు ఎంచుకున్నారు. మీకు రుణ విశ్లేషణ మీద ఆసక్తి లేకపోతే బ్యాంకుల సంఘాలవైపు చూడండి. అక్కడ మీ పని ఏమిటో అందరికీ తెలుసు, దాచాల్సిందేమీ ఉండదు.

జర్మనీలో గేయోర్గ్ ఫారెన్‌షోన్ కూడా బవేరియా ఆర్థిక మంత్రి పదవి నుంచి 2012లో పొదుపు బ్యాంకుల సంఘం అధ్యక్షుడిగా వెళ్లారు. 2017లో దిగిపోవాల్సి వచ్చింది. కారణం బ్యాంకు వ్యవహారం కాదు, సొంత పన్ను రిటర్నులు ఆలస్యంగా దాఖలు చేయడం. మీ సొంత కాగితాలు ఈ వారమే తీసి చూసుకోండి.

చెడిన కథకు స్పెయిన్ పొదుపు బ్యాంకులు చాలు. అక్కడ ప్రాంతీయ ప్రభుత్వాలకు, పార్టీలకు ఆ బ్యాంకుల పాలకమండళ్లలో చోటుండేది. వాలెన్సియా ప్రాంత అధ్యక్షుడిగా పనిచేసిన హోసే లూయిస్ ఒలీవాస్ పదవి దిగిన ఏడాదిలోపే అక్కడి బాంకాహా అనే పొదుపు బ్యాంకుకు చైర్మన్ అయ్యారు. ఇళ్ల నిర్మాణం ఉప్పొంగిన కాలమది. బాంకాహా చేతిలో ఉన్న బ్యాంక్ ఆఫ్ వాలెన్సియాను 2011 నవంబరులో స్పెయిన్ కేంద్ర బ్యాంకు తన అధీనంలోకి తీసుకుంది. బాంకాహా విలీనమైన బాంకియా అనే బ్యాంకు 2012 మేలో ప్రభుత్వాన్ని 19 బిలియన్ యూరోల సాయం అడిగింది. తప్పంతా ఒక్క మనిషిదని నేను అనను, ఆ కాలంలో బ్యాంకర్లూ మునిగారు. కానీ ఆ పొదుపు బ్యాంకులను పరిశీలించిన ఆర్థికవేత్తలు విసెంట్ కున్యాత్, లూయిస్ గారికానో, బ్యాంకింగ్ అనుభవం లేని చైర్మన్లున్న చోట రుణాల పరిస్థితి ఎక్కువ చెడిందని చూపించారు. తన ప్రాంతంలో జరిగే ప్రతి నిర్మాణమూ అభివృద్ధిలా కనిపించే కంటితో రుణ ఫైలు చూస్తే ఏమవుతుందో నాకు అందులో కనిపిస్తుంది.

అర్హతల గురించి కూడా అడిగారు, "నేరుగా బోర్డులోకి వెళ్లలేనా" అని. చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. యూరప్ కేంద్ర బ్యాంకు తన పర్యవేక్షణలోని బ్యాంకుల్లో ముఖ్య కార్యనిర్వహణాధికారికి పదేళ్ల అనుభవాన్ని కొలమానంగా పెట్టుకుంది, నిత్య నిర్వహణలో లేని డైరెక్టరుకు మూడేళ్లు. రాజకీయ పలుకుబడిని ప్రయోజనాల సంఘర్షణ కింద విడిగా పరిశీలిస్తుంది. భారత్‌లో 1949 బ్యాంకింగ్ నియంత్రణ చట్టం ప్రకారం బోర్డులో కనీసం 51 శాతం మందికి అకౌంటింగ్, బ్యాంకింగ్, వ్యవసాయం, చట్టం వంటి రంగాల్లో ప్రత్యేక పరిజ్ఞానమో అనుభవమో ఉండాలి. ప్రభుత్వ రంగ బ్యాంకులకు వాటాదారులు ఎన్నుకునే డైరెక్టర్లుగా పదవిలో ఉన్న ఎంపీలు, ఎమ్మెల్యేలు, స్థానిక సంస్థల సభ్యులు పనికిరారని ఆర్‌బీఐ 2019లో చెప్పింది. పట్టణ సహకార బ్యాంకుల మేనేజింగ్ డైరెక్టర్ పదవికి 2021లో అలాంటి నియమమే పెట్టింది. మీరు పదవి దిగారు కాబట్టి చాలా చోట్ల తలుపు మూసిలేదు. కానీ ఇప్పుడే బోర్డు వద్దు. అక్కడ మీ ముందుకొచ్చే కాగితాలను ప్రశ్నించాలంటే ముందు కింద కూర్చుని అలాంటి కాగితాలు తయారుచేసి ఉండాలి.

చాలామంది మరిచిపోయే ఇంకో విషయం. మీరు చేరే బ్యాంకే నిఘా పెట్టాల్సిన ఖాతాదారు మీరే కావచ్చు. మనీ లాండరింగ్ నిరోధక నియమాల్లో "రాజకీయ ప్రముఖులు" అనే వర్గం ఉంటుంది. అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2012లో స్వదేశీ నాయకులను కూడా దీని పరిధిలోకి తెచ్చింది. ప్రాంతీయ సభ్యులు వస్తారా రారా అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. యూరప్‌లో పదవి దిగాక కనీసం 12 నెలలు ఈ జాగ్రత్త కొనసాగుతుంది. జీవిత భాగస్వామి, పిల్లలు, వ్యాపార భాగస్వాములు కూడా ఇందులోకి వస్తారు. ఇంట్లోవాళ్ల ఖాతాలపై ప్రశ్నలు వస్తే అవమానంగా తీసుకోకండి. పదవిలో ఉన్నప్పుడు ఇచ్చిన ఆస్తుల ప్రకటనలు, ఇల్లు కొన్న కాగితాలు ఒకచోట పెట్టి, అడగకముందే ఇచ్చేయండి. నేను కమిటీలో ఉన్నప్పుడు ఇలా ముందే ఇచ్చినవాళ్ల పరిశీలన వారాల్లో అయిపోయేది. ఒకరిది మాత్రం ఏడు నెలలు సాగింది. దాచింది ఏమీ లేదు, అడిగిన ప్రతిసారీ కోపం తెచ్చుకోవడమే కారణం.

జనం ఏమనుకుంటారు? అనుకుంటారు. మీరు కమిటీలో ఉండగా ఈ బ్యాంకుకు మేలు చేసే నిర్ణయం ఏదైనా మీ చేతుల మీదుగా వెళ్లిందా? వెళ్లుంటే ఈ బ్యాంకుకు అస్సలు వెళ్లకండి, ఎంత జీతమిచ్చినా సరే. అలాంటి నిర్ణయమేదీ లేకపోతే ఆ సంగతి మీరే ముందుగా బయటికి చెప్పండి. అంతకుమించి దీని మీద టెన్షన్ పడాల్సిన పనిలేదు.

బ్యాంకుతో మళ్లీ మాట్లాడేటప్పుడు ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. మొదటిది, ఆరు నెలలు రుణ విశ్లేషణలో, మూడు నెలలు వసూళ్ల విభాగంలో పని. వసూళ్లు ఎందుకంటే, ఇచ్చిన అప్పు ఎలా చెడుతుందో అక్కడ కనిపించినట్టు ఇంకెక్కడా కనిపించదు. రెండోది, మీ పాత నియోజకవర్గం ఫైళ్లు, పార్టీ వారి ఫైళ్లు మీ దగ్గరికి రాకూడదన్న షరతు. మూడోది, మీరు తెచ్చే వ్యాపారానికి, మీ బోనస్‌కు సంబంధం ఉండకూడదు. ఇది బ్యాంకుకు నచ్చదు, అయినా పట్టుబట్టండి. నాలుగోది, పార్టీలో మీకు పదవి ఉంటే చేరేలోపు రాజీనామా. సభ్యత్వం ఉంచుకోవచ్చా లేదా అన్నది బ్యాంకు సేవా నియమాల్లో చూడండి, కొన్నిచోట్ల అదీ కుదరదు. మళ్లీ పోటీ చేయాలన్న ఆలోచన మనసులో ఉంటే అది ఇప్పుడే తేల్చుకోండి, సగం మనసుతో రుణాల గదిలో కూర్చుంటే ప్రతి దరఖాస్తుదారుడూ ఓటరులా కనిపిస్తాడు.

జీతం తగ్గుతుంది, బహుశా మూడో వంతు. నేను చెప్పిన ఆ పట్టణ పాలకమండలి అధ్యక్షురాలికీ తగ్గింది. ఆఫర్ లెటర్లో ఉద్యోగ వివరణ ఉన్న పేరాను, బ్యాంకు పేరు తీసేసి, ఇక్కడ పెట్టగలిగితే చదివి ఏ వాక్యాలు మార్పించుకోవాలో చెబుతాను.